పాఠకుల ప్రశ్నలు: వీఏ హాస్పిటల్ తనిఖీ రిపోర్టును ఎలా చదవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీఏ హాస్పిటళ్ల గురించే. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వీఏ అంటే అమెరికాలో మాజీ సైనికుల కోసం అక్కడి ప్రభుత్వమే నడిపే హాస్పిటళ్ల వ్యవస్థ. పెద్ద హాస్పిటళ్లు 170కి పైగా ఉన్నాయి, చిన్న క్లినిక్కులు వెయ్యి దాటి ఉన్నాయి, పేరు నమోదు చేసుకున్న మాజీ సైనికులు సుమారు 90 లక్షల మంది. అందులో ఒక హాస్పిటల్లో నేను పందొమ్మిదేళ్లు నర్సుగా చేశాను, చివరి ఆరేళ్లు క్వాలిటీ విభాగంలో. ఆ హాస్పిటల్ పేరు రాయను, నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

మన తెలుగువాళ్లకి దీంతో ఏం పని అని ఒకరిద్దరు అడిగారు. చాలా పనుంది. అమెరికా డాక్టర్లలో దాదాపు 70 శాతం మంది ఏదో ఒక దశలో వీఏలో శిక్షణ తీసుకున్నవాళ్లే. రెసిడెన్సీకి, అంటే డాక్టరు చదువు తర్వాతి శిక్షణకి, వెళ్లిన మన పిల్లలూ అందులో ఉన్నారు. నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబుల్లో చేసేవాళ్లు సరేసరి. ఇప్పుడు సైన్యంలో చేసి వచ్చిన అల్లుళ్లు, కొడుకులు కూడా.

ప్రశ్న: మా అల్లుడు అమెరికన్ ఆర్మీలో ఆరేళ్లు చేసి బయటికొచ్చాడు. వచ్చే నెలలో వీఏ హాస్పిటల్లో మోకాలి ఆపరేషన్ ఉంది. మా అమ్మాయి ఆ హాస్పిటల్ గురించి వెతికితే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు వాళ్ల తనిఖీ రిపోర్టు దొరికింది. అందులో ఏడు లోపాలు రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. బయట ప్రైవేటులో చేయించుకోమని చెప్పమంటారా?
– ఒక అత్తగారు, డాలస్

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ కొంచెం తగ్గించుకోండి. మీకు ఆ రిపోర్టు దొరికింది చూశారా, అదే మంచి విషయం. ప్రైవేటు హాస్పిటల్ లోపల ఏం జరుగుతోందో ఇంత వివరంగా, ఎవరైనా చదువుకునేలా రాసి పెట్టిన కాగితం మీకు చాలా చోట్ల దొరకదు. అక్కడ లోపాలు లేవని కాదు, బయటికి రావంతే.

ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు హాస్పిటల్ యాజమాన్యం కింద పనిచేయదు. 1978లో వచ్చిన చట్టం ప్రకారం వాళ్లు విడిగా ఉంటారు, ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను అధ్యక్షుడు నియమిస్తే సెనేట్ ఆమోదించాలి. వాళ్ల టీం సుమారు మూడేళ్లకోసారి ఒక్కో హాస్పిటల్‌కి వస్తుంది. ఇప్పటి పద్ధతిలో ఐదు వైపుల నుంచి చూస్తారు: అక్కడి పని సంస్కృతి, భవనమూ దాని పరిసరాలూ, రోగి భద్రత, ప్రైమరీ కేర్, ఇల్లు లేని మాజీ సైనికుల్లాంటి వాళ్లకి అందుతున్న ఆసరా. చూసింది రాస్తారు, ఏం సరిచేయాలో సిఫార్సు చేస్తారు, డైరెక్టర్ దానికి జవాబు రాసి ఎప్పటిలోగా చేస్తారో తేదీ ఇవ్వాలి. అదంతా రిపోర్టులోనే చివర ఉంటుంది.

ఏడు అన్న అంకె చూసి భయపడకండి. ఏడూ చిన్నవి కావచ్చు, ఒక్కటే ఉన్నా అది పెద్దది కావచ్చు. మీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని అదే హాస్పిటల్ పాత రిపోర్టు కూడా తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి, పోయినసారి రాసిన లోపమే ఈసారీ ఉందా చూడండి. నేను క్వాలిటీలో ఉన్నన్నాళ్లూ ఇతర హాస్పిటళ్ల రిపోర్టులు చదివేటప్పుడు ముందు చూసేది ఇదే. గోడకి పెచ్చులూడటం, స్టోర్ రూంలో అట్టపెట్టెలు నేల మీద ఉండటం లాంటివి ఒకసారి వస్తాయి, సర్దుకుంటాయి. టెస్టు రిజల్టు రోగికి చెప్పలేదు అన్నది రెండు రిపోర్టుల్లోనూ కనిపిస్తే మాత్రం నేను ఆగి చదువుతాను. వీఏ నియమం ప్రకారం ఏదైనా చర్య అవసరమైన రిజల్టును 7 రోజుల్లో, అవసరం లేనిదాన్ని 14 రోజుల్లో రోగికి చెప్పాలి. అది జరగడం లేదంటే, ఎవరో ఒకరికి ఎక్స్‌రేలో మచ్చ కనిపించి, ఆ సంగతి అతనికి తెలియకుండా నెలలు గడిచిపోతున్నాయని అర్థం.

ఆ తర్వాత డైరెక్టర్ జవాబు చదవండి. "సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇస్తాం" అని మాత్రమే రాసి వదిలేశారా, లేక ఎవరు, ఎలా, ఎన్ని నెలలు లెక్క చూసుకుంటారో రాశారా? మొదటిది నాకు నచ్చదు. తాళం పాడైతే తాళం మార్చాలి గానీ, తాళం గురించి క్లాసు తీసుకుంటే తలుపు పడదు కదా.

ఇక బయటికి వెళ్లాలా అన్న మాట. 2023లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్లు ఇచ్చిన స్టార్ రేటింగుల్లో వీఏ హాస్పిటళ్లలో 67 శాతానికి నాలుగో ఐదో స్టార్లు వచ్చాయి, మిగతా హాస్పిటళ్లలో అది 41 శాతం. కాబట్టి వీఏ అనగానే తక్కువ అనుకోవద్దు. ఆపరేషన్ లాంటి స్పెషలిస్టు పనికి 28 రోజుల్లో అపాయింట్‌మెంట్ దొరక్కపోయినా, సగటున గంటకి మించి డ్రైవ్ చేయాల్సి వచ్చినా వీఏ ఖర్చుతోనే బయట చేయించుకోమని అడిగే హక్కు మీ అల్లుడికి ఉంది. ఆ అవసరం లేకపోతే అక్కడే చేయించుకోమనండి. కాకపోతే వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, మీరు ఇండియా నుంచి తెచ్చిచ్చిన ఆయుర్వేదం మాత్రలతో సహా, ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆపరేషన్ చేసే కాలి మీద డాక్టరు స్వయంగా పెన్నుతో గుర్తు పెట్టడం అతను మెలకువగా ఉన్నప్పుడే చూడాలి. ఇంటికి వచ్చాక రాత్రి రెండింటికి కాలు వాస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలో డిశ్చార్జికి ముందే అడిగి తెలుసుకోవాలి. మీ అమ్మాయిని పక్కన ఉండమనండి.

ప్రశ్న: మేడం, నేను రెసిడెంట్ డాక్టర్‌ని, మాది కాకినాడ. ఈ నెల వీఏలో రొటేషన్. తనిఖీ వాళ్లు ఏ క్షణమైనా రావచ్చని అందరూ హడావుడిగా సర్దుతున్నారు. "ఏమడిగినా అంతా బాగుందని చెప్పండి, ఎక్కువ మాట్లాడొద్దు" అని ఒక సీనియర్ చెప్పారు. నాకేమో కొన్ని విషయాలు కళ్లెదుటే కనిపిస్తున్నాయి. వీసా మీద ఉన్నవాణ్ణి. ఏం చేయాలి?
– పేరు వద్దన్న డాక్టరు, టెక్సాస్

జవాబు: బాబూ, నీ భయం నాకు బాగా తెలుసు. ముందు ఒక ఉదయం సంగతి చెప్తాను.

జాయింట్ కమిషన్ అని ఇంకో సంస్థ ఉంది, హాస్పిటళ్లకి గుర్తింపు ఇచ్చేది. వాళ్లు మూడేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పకుండా వస్తారు. ఆ రోజు మా వార్డుకి వచ్చినావిడకి యాభై ఏళ్లుంటాయి, మెడలో కళ్లజోడు వేలాడుతోంది. రాగానే ఆఫీసులోకి వెళ్లలేదు. వరండాలో క్రాష్ కార్ట్, అంటే అత్యవసర మందులు, సామాను ఉండే బండి, దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అట్టడుగు సొరుగు లాగింది. పై సొరుగులు మేం రోజూ చూస్తాం, కింది సొరుగు ఎవరూ చూడరని ఆవిడకి తెలుసు. అందులోంచి ఒక సక్షన్ ట్యూబు తీసి, దాని కవరు వెలుతురుకి పట్టి తేదీ చదివింది. గడువు దాటి రెండు నెలలైంది. నా గుండె జారిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు, రాసుకుంది, లేచి నడిచింది. ఆ తర్వాత మందుల గది పక్కనే నేల తుడుస్తున్న పెద్దాయన దగ్గర ఆగి, "ఈ తలుపు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. ఆయన మాప్ పక్కన పెట్టి, "నాలుగు నెలలైందండీ, గొళ్లెం పడదు, నేను మూడుసార్లు రాసిచ్చాను" అన్నాడు.

నాలుగు నెలలు. ఆ తలుపు ముందు నుంచి నేను రోజుకి ఇరవైసార్లు తిరిగాను. చూశాను కూడా, ఎవరో చూసుకుంటారులే అనుకున్నాను. మూడుసార్లు రాసిచ్చింది మాత్రం నేల తుడిచే ఆయన. మీటింగుల్లో ఆయన లేడు, మా నివేదికల్లో ఆయన మాట లేదు. గడువు దాటిన ట్యూబు సంగతి మేం ఎప్పుడో మర్చిపోయాం గానీ ఆ గొళ్లెం సంగతి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

నువ్వు అబద్ధం మాత్రం చెప్పొద్దు. అడిగినదానికి తెలిసింది చెప్పు, తెలియకపోతే తెలియదను, ఎక్కడ చూడాలో నాకు తెలుసు, చూసి చెప్తాను అను. వచ్చినవాళ్లు నిన్ను పరీక్ష పెట్టడానికి రారు, అక్కడ పని ఎలా నడుస్తోందో నీ నోటి నుంచి వినడానికి వస్తారు. నీ కళ్లెదుట కనిపిస్తున్నది రోగికి హాని చేసేదైతే తనిఖీ దాకా ఆగకు. ముందు నీ అటెండింగ్‌కి, అంటే నీ పై డాక్టరుకి చెప్పు, హాస్పిటల్లో పేషెంట్ సేఫ్టీ మేనేజర్ ఉంటారు, వాళ్ల సిస్టంలో నమోదు చెయ్యి. అక్కడ పట్టించుకోకపోతే ఇన్‌స్పెక్టర్ జనరల్ హాట్‌లైన్ ఉంది, 1-800-488-8244. పేరు గోప్యంగా ఉంచమని అడగొచ్చు, పేరు లేకుండా కూడా చెప్పొచ్చు. ఫిర్యాదు చేసిన ఫెడరల్ ఉద్యోగుల మీద కక్ష సాధించకూడదని 1989 నుంచి చట్టం ఉంది, వీఏ కోసం ప్రత్యేకంగా 2017లో ఇంకో చట్టం తెచ్చారు. కాకపోతే చట్టం ఉందని కక్షలు ఆగిపోయాయని నేను నీకు చెప్పలేను. అందుకే ఏం చూశావో, ఏ రోజు, ఎవరికి చెప్పావో నీ దగ్గర రాసి పెట్టుకో, రోగి పేరు గానీ వివరాలు గానీ ఇంటికి పట్టుకెళ్లకుండా. వీసా విషయం ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని విడిగా అడుగు, సీనియర్ల మాట మీద నిర్ణయం తీసుకోకు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వెస్ట్ వర్జీనియాలో వీఏ హాస్పిటల్ ఉద్యోగిని ఒకామె ఏడుగురు ముసలి సైనికులకి ఇన్సులిన్ ఇచ్చి చంపిందని చదివి వారం రోజులు మనసు బాగోలేదు. ఇన్ని తనిఖీలు, ఇన్ని రిపోర్టులు అంటున్నారే, ఏడుగురు పోయేదాకా ఎవరికీ తెలియలేదా? మా స్కూళ్లకి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు ఇదీ ఒక తంతేనా?
– ఒక మాస్టారు, విజయవాడ

జవాబు: మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నే నేను కూడా చాలా రాత్రులు వేసుకున్నాను.

అది క్లార్క్స్‌బర్గ్ అనే ఊళ్లో హాస్పిటల్. 2017, 2018 సంవత్సరాల్లో జరిగింది. ఆమె పేరు రీటా మేస్, రాత్రి డ్యూటీ నర్సింగ్ అసిస్టెంట్. ఆ ఉద్యోగానికి మందులు ఇచ్చే అధికారమే లేదు. మంచాలు సర్దడం, బీపీ చూడటం, వేలు గుచ్చి షుగర్ చూడటం, ఒంటరిగా పడుకున్న పెద్దవాళ్ల పక్కన కూర్చోవడం, ఇదీ ఆమె పని. 2020లో నేరం ఒప్పుకుంది, 2021 మే నెలలో కోర్టు ఏడు యావజ్జీవ శిక్షలు, పైన ఇంకో ఇరవై ఏళ్లు వేసింది. అదే రోజుల్లో ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టు కూడా వచ్చింది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆమె వెనకటి చరిత్ర పరిశీలన పూర్తిచేయలేదు. మందుల గదికి, మందుల బండికి సరైన కాపలా లేదు. వార్డులో కెమెరాలు లేవు. షుగర్ జబ్బే లేని మనిషికి తెల్లవారుజామున షుగర్ పడిపోతే, ఎందుకు పడిపోయిందో చివరిదాకా తవ్వి చూడలేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా చూశారు. ఒకే వార్డులో, అదీ రాత్రిపూటే, వరసగా ఇలా అవుతోందేమిటని అన్నీ ఒక దగ్గర పేర్చి చూసినవాళ్లు లేరు. చివరికి 2018 జూన్‌లో ఒక డాక్టరు గట్టిగా అడిగాకే విషయం పైకి వెళ్లింది.

మీరు స్కూలు ఇన్‌స్పెక్షన్‌తో పోల్చారు. కొంత నిజమే. తనిఖీకి వచ్చినవాళ్లు నాలుగు రోజులుంటారు, పగలు ఎక్కువ చూస్తారు, కాగితాలు చూస్తారు. రాత్రి మూడింటికి ఆ వార్డులో ఏం జరుగుతోందో అక్కడ పనిచేసేవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఆర్కాన్సా రాష్ట్రంలో ఫయెట్‌విల్ వీఏ హాస్పిటల్ కథ. అక్కడ పాథాలజీ చీఫ్ రాబర్ట్ లెవీ, అంటే బయాప్సీ ముక్క చూసి క్యాన్సరా కాదా అని తేల్చే డాక్టరు, తాగి డ్యూటీకి వచ్చేవాడు. 2016లో ఒకసారి పరీక్ష చేస్తే రక్తంలో ఆల్కహాల్ 0.396 శాతం ఉంది. అక్కడ బండి నడపడానికి పరిమితి 0.08. సస్పెండ్ చేశారు, చికిత్సకి పంపారు, మళ్లీ తీసుకున్నారు. ఆ తర్వాత మామూలు పరీక్షల్లో దొరకని ఒక రసాయనం తాగుతూ టెస్టులన్నీ పాసయ్యాడు. తన రిపోర్టుని ఇంకో డాక్టరు కూడా చూసి ఒప్పుకున్నారని దొంగ నమోదులు చేశాడు. చివరికి దాదాపు 34,000 కేసులు తిరిగి చూస్తే 3,000కి పైగా తప్పులు బయటపడ్డాయి. క్యాన్సర్ ఉన్నవాళ్లకి లేదని చెప్పి పంపిన కేసులున్నాయి, వాళ్లలో చనిపోయినవాళ్లున్నారు. 2021లో అతనికి ఇరవై ఏళ్ల జైలు పడింది. మాస్టారూ, అక్కడ సిబ్బందికి అనుమానం 2016 కంటే ముందే ఉంది. చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. చీఫ్ మీద చెప్పాలంటే నోరు రాక ఊరుకున్నవాళ్లూ ఉన్నారు.

2014లో అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ వీఏ హాస్పిటల్లో కూడా అంతే. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు అసలు జాబితాలో ఎక్కించకుండా, అందరికీ త్వరగానే దొరుకుతోందని లెక్క చూపించారు. తనిఖీ చేస్తే 1,700 మంది పేర్లు అధికారిక జాబితాలో లేవు. దేశమంతా అట్టుడికిపోయి మాజీ సైనికుల శాఖ మంత్రి ఎరిక్ షిన్సెకీ రాజీనామా చేశారు. దాన్ని బయటపెట్టింది ఆ హాస్పిటల్లోనే ఏళ్ల తరబడి చేసిన శామ్ ఫుట్ అనే డాక్టరు.

అందుకే తనిఖీ తంతా అని మీరు అడిగితే, లోపలివాళ్ల నోరు నొక్కేసిన చోట అది తంతే అవుతుంది అంటాను. నోరు తెరవనిచ్చిన చోట అది ప్రాణాలు కాపాడుతుంది, దానికి లెక్క కూడా ఉంది. వీఏ మానసిక చికిత్స వార్డుల్లో 2007 నుంచి ఒక చెక్‌లిస్టు పట్టుకుని గదిగదీ తిరిగి, రోగి తనకి తాను హాని చేసుకోవడానికి వీలున్న వస్తువులు, అమరికలు వెతికి తీసేయడం మొదలుపెట్టారు. అంతకుముందు లక్ష అడ్మిషన్లకి 4.2 ఉన్న ఆత్మహత్యలు తర్వాత 0.74కి తగ్గాయి. గోడలు, తలుపులు, కొక్కేలు చూడటం వల్లే ఇంతమంది బతికారంటే ఆ చెక్‌లిస్టు పట్టుకుని తిరిగినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

2009లో ఎండోస్కోప్ గొట్టాలు సరిగ్గా శుభ్రం చేయలేదని మూడు ఊళ్ల హాస్పిటళ్ల నుంచి పదివేల మందికి పైగా రక్తపరీక్ష చేయించుకోమని ఉత్తరాలు వెళ్లాయి. అప్పుడు ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా 42 చోట్లకి వెళ్లి చూస్తే, శుభ్రం చేసే పద్ధతి రాసిపెట్టి, దాంట్లో శిక్షణ ఇచ్చినట్టు చూపించగలిగినవి సగం కూడా లేవు. చెప్పి వెళ్లుంటే ఆ సంఖ్య మరోలా ఉండేదని నా నమ్మకం.

ప్రశ్న: మాది మాధవరం దగ్గర. మా నాన్నగారు సుబేదారుగా రిటైరయ్యారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది. పాలీక్లినిక్‌లో సగం మందులు లేవంటారు, పంపిన ప్రైవేటు హాస్పిటల్లో ఒక్కోసారి కార్డు చూడగానే ముఖం మారుస్తారు. అమెరికాలో మాదిరి మనకి తనిఖీలు లేవా? ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక కొడుకు, పశ్చిమ గోదావరి

జవాబు: తమ్ముడూ, మిలటరీ మాధవరం అంటే తెలియని తెలుగువాడు ఉండడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరు. ఆ చుట్టుపక్కల ఒక సుబేదారుగారు మందుల కోసం ఇలా తిరగాల్సి రావడం చదివి బాధేసింది.

ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అమెరికా పద్ధతికి దీనికి పెద్ద తేడా ఏమిటంటే, అక్కడ హాస్పిటల్ కూడా ప్రభుత్వానిదే, ఇక్కడ పాలీక్లినిక్ మాత్రం ప్రభుత్వానిది, పెద్ద జబ్బులకి ఒప్పందం ఉన్న ప్రైవేటు హాస్పిటల్‌కి పంపుతారు. కాబట్టి ఏదైనా తేడా వస్తే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. తనిఖీ లేదని కాదు. 2015లో కాగ్ ఈ పథకం మీద ఆడిట్ రిపోర్టు ఇచ్చింది. మందుల కొరత, ప్రైవేటు హాస్పిటళ్లు ఎక్కువ బిల్లులు వేయడం అందులో వచ్చాయి. కానీ అది పథకం మొత్తం మీద చేసిన ఆడిట్. మీ నాన్నగారు వెళ్లే పాలీక్లినిక్ పేరు కొడితే, దానిలో ఏ లోపాలున్నాయి, ఎప్పటిలోగా సరిచేస్తారు అని రాసిన కాగితం డాలస్ అత్తగారికి దొరికినట్టు మీకు దొరకదు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది అదే. అలాంటిది మనకీ కావాలి. మాజీ సైనికుల సంఘాలు పెన్షన్ కోసం పోరాడినట్టు దీనికోసం కూడా గట్టిగా అడగాలి.

ఇప్పటికి మీరు చేయగలిగింది చెప్తాను. మందు లేదన్నప్పుడు ఊరికే వెనక్కి రాకండి. లేదని ప్రిస్క్రిప్షన్ మీద రాయించి ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉంటేనే బయట కొన్న మందుకి డబ్బు అడిగే వీలుంటుంది, లేదన్న సంగతి కూడా రికార్డవుతుంది. నోటిమాటగా "లేవు" అంటే ఎక్కడా లెక్కలోకి రాదు, పైన చూసేవాళ్లకి మీ పాలీక్లినిక్‌లో అన్ని మందులూ ఉన్నట్టే కనిపిస్తుంది. ముందు పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌ఛార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. పని కాకపోతే రీజనల్ సెంటర్‌కి, తర్వాత కేంద్ర ప్రభుత్వం సీపీగ్రామ్స్ ఫిర్యాదుల పోర్టల్‌లో. పోయిన ఆరు నెలల్లో ఏయే మందులు ఎన్ని రోజులు స్టాకు లేవో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. ఒకరు అడిగితే పక్కన పెట్టొచ్చు, ఊళ్లో పదిమంది విడివిడిగా అడిగితే పక్కన పెట్టడం కష్టం. ప్రైవేటు హాస్పిటల్లో ముఖం మారిస్తే ఆ రోజు తేదీ, కౌంటర్‌లో ఏమన్నారో ఆ మాటల్లోనే రాసి పెట్టుకుని, దాన్నే ఫిర్యాదులో పెట్టండి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: అక్కా, నేను వీఏలో కొత్తగా చేరిన నర్సుని. మందు ఇచ్చే ప్రతిసారీ రోగి చేతి బ్యాండు, మందు కవరు రెండూ స్కాన్ చేయాలి. పన్నెండు గంటల షిఫ్టులో ప్రాణం పోతోంది. కొందరు బ్యాండులు అదనంగా ప్రింట్ తీసి బల్ల దగ్గరే స్కాన్ చేసేస్తున్నారు. నేనూ అలా చేస్తే తప్పా?
– ఒక చెల్లి, ఫ్లోరిడా

జవాబు: తప్పేనమ్మా. చేయకు.

ఆ స్కానర్ ఎలా వచ్చిందో తెలుసా? ఏ పెద్ద కంపెనీ ఆలోచనో కాదు. కాన్సాస్ రాష్ట్రంలో టొపీకా వీఏ హాస్పిటల్ నర్సు, పేరు స్యూ కినిక్. అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి మనిషి చేతిలో చిన్న మిషన్‌తో కారు మీద బార్‌కోడ్ చదవడం చూసింది. కారుకి చేసేది మనిషికి, మందుకి ఎందుకు చేయకూడదు అనుకుంది. 1990ల మొదట్లో ఆమె హాస్పిటల్లోనే మొదలైంది, ఆ దశాబ్దం చివరికి వీఏ అంతటా తెచ్చారు, తర్వాత మిగతా హాస్పిటళ్లు నేర్చుకున్నాయి. నీలాగే కాళ్లు నొప్పులు పుట్టేలా షిఫ్టులు చేసిన మనిషి కనిపెట్టింది అది.

బల్ల దగ్గర స్కాన్ చేస్తే కంప్యూటర్‌కి అంతా సరిగ్గా జరిగినట్టే కనిపిస్తుంది. రేపు తనిఖీ వాళ్లు వచ్చి లెక్క తీస్తే నూటికి నూరు వస్తుంది. నువ్వు మాత్రం 12వ గదిలో ఆయనకి ఇవ్వాల్సిన మాత్ర 14వ గదిలో ఆయనకి ఇచ్చి ఉండొచ్చు. ఇద్దరూ తెల్లజుట్టు, ఇద్దరూ నిద్రమత్తులో "ఊఁ" అంటారు, పేరు అడిగితే ఒకాయనకి వినపడదు.

నీకెందుకు కష్టమవుతోందో మాత్రం దాచుకోకు. స్కానర్ బ్యాటరీ అయిపోతోందా, బండి చక్రం తిరగదా, తడిసిన బ్యాండు చదవడం లేదా, నలుగురు చేయాల్సిన పని ఇద్దరు చేస్తున్నారా, ఉన్నది ఉన్నట్టు రాసి పేషెంట్ సేఫ్టీ సిస్టంలో పెట్టు, షిఫ్టు అయ్యేలోపే. "నర్సులు స్కాన్ చేయడం లేదు" అని వాళ్లు రాసేలోగా "స్కానర్ ఆరు గంటలకి మించి పనిచేయడం లేదు" అని నువ్వు రాయి. బ్యాండు చిరిగితే కొత్తది ప్రింట్ తీసి, పాతది కత్తిరించి, ఆయన చేతికే కట్టు. జేబులో పెట్టుకోకు. ఈ వారం ఎలా గడిచిందో నాకు రాయి, వచ్చే సంచికలో దాని గురించే మాట్లాడదాం.